టెక్సస్ ఓడకు తీర్చాల్సిన బాకీ

2022 ఆగస్టు 31న అమెరికాలోని హ్యూస్టన్ షిప్ చానల్ వెంట ఒక ముసలి యుద్ధనౌకను టగ్గులు (ఓడలను లాగే పడవలు) మెల్లగా లాక్కుపోయాయి. సొంత ఇంజన్ల మీద అది కదిలి 70 ఏళ్లు దాటిపోయింది. దారిలోనే మునిగిపోతుందేమోనన్న భయంతో ముందుగానే అడుగుభాగపు గదుల్లో నురుగు పదార్థం నింపారు. ఆ ఓడలోకి ఒక దశలో నిమిషానికి ఏడున్నర వేల లీటర్ల దాకా నీరు చొరబడేది. రాత్రింబవళ్లు పంపులు తోడిపోస్తుంటేనే అది తేలుతూ ఉండేది. రెండు ప్రపంచ యుద్ధాల ఫిరంగి మోతల్లో మునగని నౌక, శాంతికాలంలో కట్టేసిన చోటే మునిగిపోయే స్థితికి చేరింది. దాని పేరు యూఎస్ఎస్ టెక్సస్. దాని కథలో, దాచుకోదగ్గ వస్తువులున్న ప్రతి దేశమూ ఆలోచించవలసిన సంగతి ఉంది.

వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్ నౌకానిర్మాణ కేంద్రంలో తయారై, 1912 మే 18న నీటిలోకి దిగి, 1914 మార్చి 12న అమెరికా నౌకాదళంలో చేరిన ఓడ ఇది. పొడవు 573 అడుగులు. 14 అంగుళాల ఫిరంగులు పది. అవి విసిరే ఒక్కో గుండు బరువు అరటన్నుకు పైమాటే. అప్పటికే బ్రిటన్ నౌకలు టర్బైన్లకు మారినా, టెక్సస్‌కు మాత్రం పాతకాలపు పిస్టన్ ఆవిరి యంత్రాలనే అమర్చారు. ఆనాటి టర్బైన్లు ఇంధనాన్ని విపరీతంగా మింగేవి, సుదూర సముద్రాల్లో తిరగాల్సిన దేశానికి అవి గిట్టుబాటయ్యేవి కావు. ఆ యంత్రాలు ఈనాటికీ ఓడ కడుపులో భద్రంగా ఉన్నాయి. బొగ్గు పారలతో ఎగదోసిన తరం ఎలా బతికిందో అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది.

ఈ ఓడ మొదటి పని దేశరక్షణ కాదన్న నిజాన్ని దాటవేయకూడదు. 1914 ఏప్రిల్ 21న అమెరికా దళాలు మెక్సికోలోని వెరాక్రజ్ రేవును ఆక్రమించాయి. ఆ ఆక్రమణకు అండగా, కొత్త ఓడలకు మామూలుగా జరిపే పరీక్షా ప్రయాణం కూడా పూర్తికాకుండానే, టెక్సస్‌ను మే నెలలో అక్కడికి పంపారు. ఏప్రిల్ 21కి ఆ ఓడ పేరిట ఉన్న రాష్ట్రంలో మరో అర్థం ఉంది. 1836లో అదే రోజున శాన్ హసింటో మైదానంలో మెక్సికో సైన్యాన్ని ఓడించి టెక్సస్ వేరుపడింది. 1948లో సరిగ్గా అదే రోజున, అదే మైదానం పక్కన కాలువలో ఈ ఓడను సేవల నుంచి విరమింపజేశారు. ఆతిథ్య రాష్ట్రానికి అది గర్వదినం. వెరాక్రజ్ వాసులకు అదే తేదీ గాయం. రెండూ ఒకే ఓడ చరిత్రలో ఉన్నాయి కాబట్టి రెండింటినీ ఒకే చోట చెప్పవలసిందే.

మొదటి ప్రపంచ యుద్ధంలో దీని పాత్ర పెద్దది కాదు. 1917 సెప్టెంబరులో బ్లాక్ ఐలండ్ దగ్గర నేలకు తట్టుకుని ఆలస్యమై, 1918 ఫిబ్రవరిలో స్కాట్లండ్ రేవు స్కాపా ఫ్లోలోని బ్రిటిష్ మహానౌకాదళాన్ని చేరింది. ఆ ఏడాది నవంబరు 21న జర్మన్ నౌకాదళం లొంగిపోయేందుకు వచ్చినప్పుడు ఆ దళంతో పాటే ఉంది. 1919 మార్చిలో క్యూబాలోని గ్వాంటనామో దగ్గర దీని ఫిరంగి గోపురం పైనుంచి ఒక సాప్‌విత్ కామెల్ విమానం గాలిలోకి ఎగిరింది. అమెరికా బ్యాటిల్‌షిప్ (భారీ ఫిరంగుల యుద్ధనౌక) పైనుంచి విమానం ఎగరడం అదే మొదలు. భారీ ఫిరంగుల కాలానికి ముగింపు పలకబోయే యంత్రం అలాంటి ఫిరంగి మీదనుంచే రెక్క విప్పింది.

నౌకాదళాల పరిమాణాన్ని కుదించిన 1922 వాషింగ్టన్ ఒప్పందం అనేక భారీ నౌకలను తుక్కుకు పంపింది. టెక్సస్ బతికిపోయింది. 1925-26లో బొగ్గు పోయి చమురు వచ్చింది. పద్నాలుగు బాయిలర్ల చోట ఆరు అమర్చారు. టార్పెడోల దెబ్బ నేరుగా తగలకుండా ఓడకు రెండు పక్కలా ఉబ్బెత్తు తొట్టెలు తగిలించారు. ఆ తొట్టెలను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ ఓడ కథ వాటి చుట్టూనే రెండుసార్లు మలుపు తిరిగింది.

రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాల సేనలు ఫ్రాన్సులో దిగిన 1944 జూన్ 6 ఉదయం 5.50కి నార్మండీ తీరంలో టెక్సస్ కాల్పులు మొదలుపెట్టింది. 34 నిమిషాల్లో పాయింట్ డు హాక్ కొండచరియ మీదికి 255 గుళ్లు విసిరింది. ఆ చరియను తాళ్లు పట్టుకుని ఎక్కిన రేంజర్లు (అమెరికా కమాండో సైనికులు) 225 మంది. తాము ధ్వంసం చేయవలసిన జర్మన్ ఫిరంగులు అక్కడ లేవని, లోపలికి తరలించేశారని పైకెక్కాక గాని వారికి తెలియలేదు. వెతికి పట్టుకుని వాటిని పనికిరాకుండా చేశారు. రెండు రోజులు గడిచేసరికి వారిలో పోరాడగల స్థితిలో మిగిలినవారు దాదాపు 90 మంది. మర్నాడు టెక్సస్ నుంచి రెండు పడవల్లో ఆహారం, మందుగుండు వెళ్లాయి. తిరుగు ప్రయాణంలో ఆ పడవలు గాయపడిన రేంజర్లతో పాటు 27 మంది ఖైదీలను కూడా తెచ్చాయి. చరియ మీద ఒకరినొకరు చంపుకోబోయినవాళ్లు చివరకు ఒకే ఓడలోకి చేరారు.

జూన్ 15 నాటికి యుద్ధం తీరం వదిలి లోతట్టుకు జరిగింది. ఫిరంగుల గొట్టాలు ఎంత పైకెత్తినా గుళ్లు అంత దూరం అందడం లేదు. అప్పుడు నావికులు ఒక వైపు తొట్టెలోకి నీళ్లు వదిలారు. ఓడ రెండు డిగ్రీలు ఒరిగింది. ఆ ఒరుగుతో ఫిరంగులు మరికాస్త పైకి లేచాయి, గుళ్లు లక్ష్యాన్ని అందుకున్నాయి. కొలతలు తెలిసిన మనుషులు తమ పనిముట్టును ఎంత చనువుగా వాడుకోగలరో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు తెలియదు. ఆనాడు నీటిని లోపలికి పిలిచింది మనుషులే. దశాబ్దాల తరువాత అదే తొట్టెల గుండా నీరు తనంత తానే దూరింది. అప్పుడు ఆపడానికి డబ్బూ లేదు, శ్రద్ధా లేదు.

జూన్ 25న ఫ్రాన్సులోని షెర్బోర్గ్ రేవు ముందు ఈ ఓడకు అసలైన పరీక్ష ఎదురైంది. హాంబర్గ్ అనే జర్మన్ తీర ఫిరంగి స్థావరంతో మూడు గంటల పాటు పోరు. ఒక గుండు ఓడను నడిపే గది మీద పడి చుక్కాని పట్టిన నావికుడు చనిపోయాడు, మరికొందరు గాయపడ్డారు. టెక్సస్ సేవాకాలం మొత్తంలో శత్రు కాల్పులకు బలైన ఏకైక ప్రాణం అది. మరో గుండు ఓడ పక్కటెముకను చీల్చుకుని లోపలికి వచ్చి, పేలకుండా ఉండిపోయింది. దాన్ని నిర్వీర్యం చేసి తరువాత ఓడకే జ్ఞాపికగా ఇచ్చారు. పేలి ఉంటే ఈ సంపాదకీయం రాయడానికి ఓడ ఉండేది కాదేమో.

ఆపై దక్షిణ ఫ్రాన్సులో, 1945లో జపాన్ దీవులైన ఇవో జిమా, ఒకినావాల దగ్గర పోరాడింది. యుద్ధం ముగిశాక పసిఫిక్ నుంచి వేలాది సైనికులను ఇళ్లకు చేర్చింది. ఆ తరువాత ఇలాంటి నౌకలకు పట్టిన గతి చూడాలి. దీని కవల నౌక న్యూయార్క్‌ను, షెర్బోర్గ్ పోరులో పక్కన నిలిచిన ఆర్కాన్సాను, నార్మండీలో కలిసి కాల్చిన నెవాడాను 1946లో పసిఫిక్‌లోని బికినీ దీవుల దగ్గర అణుబాంబు పరీక్షలకు ఎర వేశారు. ఆర్కాన్సా అక్కడే మునిగింది. మిగిలిన రెండింటినీ 1948 జులైలో హవాయి దగ్గర కాల్పుల అభ్యాసంలో ముంచేశారు. టెక్సస్ ప్రజలు మాత్రం రెండు లక్షల పాతిక వేల డాలర్ల ఖర్చుకు పూచీపడి బాల్టిమోర్ నుంచి తమ ఓడను లాగించుకుని తెచ్చుకున్నారు. అమెరికాలో శాశ్వత స్మారకంగా మారిన తొలి బ్యాటిల్‌షిప్ ఇదే. అన్నీ భారీ ఫిరంగులే ఉండే, డ్రెడ్‌నాట్ అనే బ్రిటిష్ ఓడ పేరుతో పిలిచే తొలితరం బ్యాటిల్‌షిప్‌ల కోవలో ఈనాడు భూమి మీద మిగిలింది కూడా ఇదొక్కటే. ఆ కోవకు పేరిచ్చిన బ్రిటన్ తన నౌకల్లో ఒక్కదాన్నీ దాచుకోలేదు.

తెచ్చుకోవడంలో చూపిన ఉత్సాహం నిలుపుకోవడంలో కనిపించలేదు. పెళ్లికి దండిగా ఖర్చుపెట్టి కాపురాన్ని గాలికి వదిలేసినట్లయింది. చెక్క పరిచిన పైకప్పు కుళ్లి వానకు కారుతుంటే 1968లో దాని స్థానంలో కాంక్రీటు పోశారు. అదీ పగిలి కారింది. సముద్రంలో తిరిగే ఓడను కొన్నేళ్లకోసారి, నీటి నుంచి తీసి బాగుచేసే చోటైన డ్రైడాక్‌కు చేర్చి అడుగు గీకి రంగు వేయడం నావికులకు అన్నం తినడమంత మామూలు. ఈ ఓడకు ఆ భాగ్యం 1988లో గాని దక్కలేదు, అంటే 40 ఏళ్లకు. అది 1990లో ముగిశాక మళ్లీ 2022 దాకా లేదు. 2019లో రాష్ట్ర శాసనసభ 3.5 కోట్ల డాలర్లు కేటాయించి, నిర్వహణను ఒక లాభాపేక్షలేని సంస్థకు అప్పగించింది. గాల్వెస్టన్ డ్రైడాక్‌లో తొట్టెల ఉక్కును కొత్తగా కట్టి, 2024 మార్చిలో ఓడను మళ్లీ నీటిలోకి దింపారు. ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా పెట్టి ఉంటే ఇంత పెద్ద మొత్తం ఒక్కసారిగా మీద పడేది కాదు. ఈ మాట అనడానికి మేము సంకోచించం. తుప్పుకు సెలవులు ఉండవు.

ఓడను బాగుచేసినంత శ్రద్ధగా దాని కథనూ బాగుచేయాలి. ఫిరంగుల పక్కన ఫొటోలు దిగడానికే అయితే అంత ఉక్కు అక్కర్లేదు. ఈ ఓడ పనిచేసిన కాలంలో చాలా భాగం, నల్లజాతి నావికులకు అమెరికా నౌకాదళంలో దక్కింది ప్రధానంగా అధికారుల భోజనశాలలో వంట, వడ్డన పనులే. సైన్యంలో ఆ వేర్పాటును తొలగిస్తూ అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948 జులై 26న, టెక్సస్ జెండా దిగిన మూడు నెలలకు. హ్యూస్టన్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ ఆ ఓడ మెట్లు ఎక్కుతారు. వాళ్లకు నార్మండీతో పాటు వెరాక్రజ్ గురించీ, ఆ వంటగది గురించీ తెలియాలి.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. 1971లో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ వేటాడ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్‌నే. ఆ ఘాజీ విశాఖ తీరంలో మునిగింది. విక్రాంత్ ముంబయిలో కొన్నేళ్లు ప్రదర్శనశాలగా ఉండి, 2014లో తుక్కుకు వెళ్లింది. 2017లో సేవ ముగిసిన మరో విమానవాహక నౌక విరాట్‌ను తీసుకుంటామని ఆంధ్రప్రదేశ్ ముందుకొచ్చినా, ఖర్చు దగ్గర ఆ ఆలోచన ఆగింది. 2020లో అది గుజరాత్‌లో ఓడలను తుక్కు చేసే అలంగ్ తీరానికి చేరింది. విశాఖ రామకృష్ణా బీచ్‌లో 2002 నుంచి జలాంతర్గామి కుర్సురా మాత్రం నిలిచి ఉంది. అది మన సొత్తు, ఉప్పుగాలికి రోజూ ఎదురొడ్డుతున్న సొత్తు. ఏ ప్రభుత్వమైనా ఇకమీదట ఒక ఓడను కోరేముందు, దాన్ని తేవడానికయ్యే ఖర్చు పక్కనే ముప్పై ఏళ్ల నిర్వహణ ఖర్చునూ కాగితం మీద చూపాలని మా కోరిక. కుర్సురాకు ప్రత్యేక నిధి ఒకటి, టిక్కెట్ల రాబడితో సంబంధం లేకుండా, చట్టబద్ధంగా ఏర్పాటు కావాలి.

టెక్సస్ విషయానికి వస్తే, మొన్నటి మరమ్మతులను చూసి ఇక నిశ్చింత అనుకోవడానికి వీల్లేదు. 1990 తరువాత మరోసారి డ్రైడాక్ చూడటానికి ఆ ఓడకు 32 ఏళ్లు పట్టింది. తరువాతి డ్రైడాక్ ఏ సంవత్సరంలో, ఎవరి డబ్బుతో అన్నది టెక్సస్ రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లోని శాసనసభ ఇప్పుడే తేల్చి, బడ్జెట్‌లో రాసిపెట్టాలి.