ఎముక వంశం చెబుతుంది, భాష చెప్పదు

పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు దీవుల్లో దాదాపు 3,000 ఏళ్ల కిందట స్థిరపడిన తొలితరం వారి ఎముకల నుంచి డీఎన్‌ఏ తీసి చదివితే, వారి మూలాలు ఇంచుమించు పూర్తిగా తూర్పు ఆసియావని తేలింది. ఈనాడు ఆ దీవుల్లో ఉంటున్నవారి జన్యువుల్లో సింహభాగం మాత్రం పపువా (న్యూగినీ వైపు) మూలాలది. తర్వాతి కాలపు వలసలతో జనం చాలావరకు మారిపోయారు, భాషలు మారలేదు. ఇప్పటికీ అక్కడ వినిపించేవి ఆ తొలి నావికులు తెచ్చిన ఆస్ట్రోనేషియన్ కుటుంబ భాషలే.

ప్రాచీన డీఎన్‌ఏ మీద వార్త వచ్చిన ప్రతిసారీ నాకు ఈ దీవులే గుర్తొస్తాయి. ఎక్కడో ఒక అస్థిపంజరం జన్యుక్రమం వెలువడగానే వీరిది ఏ భాష, ఈ నేల ముందు ఎవరిది అనే వాదులాట మొదలవుతుంది. ఈ శాస్త్రానికి మనం చేస్తున్న అన్యాయం ఇదేనని నా అభిప్రాయం. ఎవరు ఎవరికి బంధువులో, ఎవరు ఎవరితో ఎప్పుడు కలిశారో డీఎన్‌ఏ చెప్పగలదు. వారు ఏ భాష మాట్లాడారో, తమను తాము ఏమని పిలుచుకున్నారో అందులో రాసి ఉండదు.

నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న స్టెపీ గడ్డిమైదానాల పశుపాలకులు సుమారు 5,000 ఏళ్ల కిందట పశ్చిమానికి కదిలారనీ, ఐరోపాలో ఇండో-యూరోపియన్ భాషల (సంస్కృతం, హిందీ, ఇంగ్లీషు చెందిన కుటుంబం) వ్యాప్తికి ఆ వలస ఒక ముఖ్య కారణమనీ 2015లో వచ్చిన పరిశోధన వాదించింది. దాన్ని నేను తోసిపుచ్చను. భాషాశాస్త్రజ్ఞులు ఎప్పుడో వేసిన అంచనాకు అది గట్టి ఊతం. అయితే అదే స్టెపీ వారసత్వం స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దుల్లోని బాస్క్ ప్రజల్లోనూ ఉంది, వారి భాషకు ఇండో-యూరోపియన్ కుటుంబంతో సంబంధమే లేదు. ఇటలీలోని ప్రాచీన ఎట్రుస్కన్లదీ ఇదే పరిస్థితి. ఐబీరియా ద్వీపకల్పంలో (నేటి స్పెయిన్, పోర్చుగల్) క్రీ.పూ. 2000 నాటికి తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోములు దాదాపు అన్నీ కొత్తగా వచ్చినవారివే. అంతటి మార్పు జరిగిన నేల మీద కూడా ఆ కుటుంబానికి చెందని భాషలు రోమన్ల కాలం దాకా నిలిచాయి.

వస్తువుల సంగతీ అంతే. 20వ శతాబ్ది తొలినాళ్లలో జర్మన్ పురావస్తు పండితుడు గుస్టాఫ్ కొసిన్నా ఒకే తీరు వస్తువులు దొరికిన మేర అంతా ఒకే జాతి ఉన్నట్టు లెక్కగట్టాడు. ఆయన పోయాక నాజీలు ఆ సిద్ధాంతాన్ని తమ దురాక్రమణకు వాడుకున్నారు. ఆ లెక్క ఎంత తప్పో తేల్చింది ప్రాచీన డీఎన్‌ఏనే. గంట ఆకారపు మట్టిపాత్రల సంస్కృతిపై 2018లో ప్రచురితమైన అధ్యయనం సుమారు 400 మంది ప్రాచీనుల జన్యువులను పరిశీలించింది. ఐబీరియాకూ మధ్య ఐరోపాకూ నడుమ ఆ పాత్రలు వ్యాపించినా, మనుషుల రాకపోకలు పెద్దగా కనిపించలేదు. బ్రిటన్‌లో మాత్రం ఆ పాత్రలతో పాటు మనుషులూ వచ్చారు. కొన్ని శతాబ్దాల్లోనే అక్కడి జన్యు వారసత్వం దాదాపు 90 శాతం మారిపోయింది. పాత్ర ఒకటే, ఒకచోట ఆలోచన ప్రయాణించింది, మరోచోట జనం ప్రయాణించారు. పెంకులు చూసి ఈ తేడా పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

డీఎన్‌ఏ సాక్ష్యం ఇంత బలమైనది కావడానికి కారణం ఉంది. మరణం తర్వాత అది ముక్కలవుతుంది, ఆ ముక్కల చివర్లలో డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ దెబ్బతిని మరో అక్షరమైన థైమిన్‌లా కనిపిస్తుంది. పాతదనాన్ని పట్టిచ్చే గుర్తు అదే. తవ్వినవారి చేతుల నుంచి అంటిన కొత్త డీఎన్‌ఏను దాని సాయంతోనే వేరుచేస్తారు. 2022లో నోబెల్ అందుకున్న జన్యు శాస్త్రవేత్త స్వాంటే పాబో ఇలాంటి పద్ధతుల కోసం దశాబ్దాలు శ్రమించారు.

కానీ వేడికి డీఎన్‌ఏ నిలవదు. చల్లని ప్రాంతాల నుంచి నమూనాలు కుప్పలుగా వస్తుంటే ఉష్ణ ప్రాంతాల నుంచి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే దొరుకుతున్నాయి. సింధు నాగరికత నగరమైన రాఖీగఢీలో 60కి పైగా నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చే జన్యురాశి (జీనోమ్) ఒక్క స్త్రీది మాత్రమే లభించింది. ఆమెలో స్టెపీ వారసత్వం లేదు. ఇరాన్, తుర్క్‌మెనిస్తాన్ స్థలాల్లో దొరికిన 11 మంది జన్యువులు ఆమెతో సరిపోలడం వల్ల ఆ ఫలితానికి బలం చేకూరింది. 2019లో ఈ పరిశోధన వెలువడగానే ఆర్యులు బయటి నుంచి వచ్చారనే వర్గమూ, రాలేదనే వర్గమూ అది తమ విజయమేనని చెప్పుకున్నాయి. ఒక్క స్త్రీ ఎముక మీద ఇంత బరువు మోపడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. సింధు నాగరికత భాష తేలాలంటే ఆ లిపిని చదవగలగాలి. మరో వంద జన్యురాశులు దొరికినా ఆ పని చేయలేవు.

ఆ వంద చేయగలిగిన పని వేరే ఉంది. ఫ్రాన్స్‌లోని గుర్జీలో ఉన్న నవీన శిలాయుగపు శ్మశానంలో పరిశోధకులు 64 మందిని కలుపుతూ ఏడు తరాల వంశవృక్షం గీయగలిగారు. మగవారు పుట్టినచోటే ఉండిపోయారనీ, స్త్రీలు బయటి నుంచి వచ్చారనీ దాంతో తెలిసింది. సింధు నగరాల శ్మశానాల్లో పక్కపక్కన పడుకున్నవారు ఒకే కుటుంబమా, వారిలో ఎవరు ఎక్కడి నుంచి వచ్చి చేరారు? మన ఎముకలను అడగాల్సినవి ఈ ప్రశ్నలు.