ఒక పెగ్గు గుండెకు మంచిదన్న మాట గురించి

"రోజుకో పెగ్గు గుండెకు మంచిదే" అని మద్యం అలవాటు గురించిన మీ వ్యాసం చివర్లో రాశారు. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. పాత పరిశోధనల్లో అలా కనిపించడానికి ఒక కారణం ఉంది. చాలా వాటిలో జబ్బు చేసి మందు మానేసినవాళ్లను కూడా 'తాగనివాళ్ల' లెక్కలో కలిపేశారు. వాళ్లతో పోలిస్తే కొద్దిగా తాగేవాళ్లు ఆరోగ్యంగా కనిపించడంలో వింతేముంది? సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

కాలేయం గురించి బాగా రాశారు, కానీ క్యాన్సర్ ఊసే లేదు. మద్యం ఒంట్లో ఎసిటాల్డిహైడ్ అనే విష పదార్థంగా మారి కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీస్తుంది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు క్యాన్సర్లు, ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్, వీటన్నిటి ముప్పూ పెరుగుతుంది. బీరైనా వైనైనా లోపల ఉన్నది అదే ఆల్కహాల్. నిద్ర కోసం తాగేవాళ్లకు త్వరగా కునుకు పట్టొచ్చు గానీ, అర్ధరాత్రి దాటాక ఆ నిద్ర ముక్కలవుతుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది, రోజూ తాగేవాళ్లకు వ్యాసంలో ఇచ్చిన "రేపే పూర్తిగా మానేయండి" అన్న సలహా. మా బాబాయి ఏళ్ల తరబడి రోజూ తాగి, ఒక్కసారిగా మానేశాడు. మర్నాటికి చేతులు వణకడం మొదలైంది. టెన్షన్ అనుకున్నాం. ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రికి సమయానికి చేరాం కాబట్టి బతికాడు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు మానడం మంచిదే, కానీ డాక్టర్ పర్యవేక్షణలో మానాలి. ఫిట్స్ రాకుండా ఆపే మందులు ఉన్నాయి. దయచేసి ఈ విషయం వ్యాసంలో చేర్చండి.