నూరక్షరాల పార్మ్ గారికి విన్నపం

మహారాజశ్రీ జేసీఎల్ పార్మ్ గారి సముఖమునకు,

ఐబీఎం మెయిన్‌ఫ్రేములో ఏ ప్రోగ్రామ్ ఎలా నడవాలో చెప్పే ఆదేశాల భాష జేసీఎల్. అందులో ప్రోగ్రామ్‌కి పారామీటర్లు అందించే తమరు 1960లలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు కొలువులో చేరారు. ఆ తర్వాత మెమరీ అడ్రసులు 24 బిట్ల నుంచి 31కి, అక్కణ్నుంచి 64కి పెరిగాయి. తమరు మాత్రం నూరక్షరాల దగ్గరే కాలు మీద కాలేసుక్కూర్చున్నారు. నూటొకటోది రాశామా, జేసీఎల్ ఎర్రరే. ఆ లెక్కలో కామాకి కూడా టికెట్టు కొట్టాల్సిందే. తమరి కటాక్షం కోసం మా ఆఫీసులో డేటాసెట్ల (ఫైళ్ల) పేర్లకి పొట్టిపేర్లు, ఆ పొట్టిపేర్లకి కోడ్‌లు పెట్టుకున్నాం. కొటేషన్‌లో ఉన్న విలువ లైను దాటితే 71వ కాలమ్ దాకా నింపి, కింది లైన్లో సరిగ్గా 16వ కాలమ్‌లో అందుకోవాలి. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసినవాళ్లనడగండి, 16 అంటే ఇప్పటికీ ఉలిక్కిపడతారు.

చిత్రమేమిటంటే, లోపల ఇంత బిగింపు లేనే లేదు. ప్రోగ్రామ్ ప్రాసెసర్‌లోని రిజిస్టర్ 1 చూపే అడ్రసు పట్టుకుని వెళ్తే ముందు రెండు బైట్లలో పొడవు, దాని వెనకే అక్షరాలు. ఆ రెండు బైట్లలో 32,767 దాకా పడుతుంది. ఇంకో ప్రోగ్రామ్ నుంచి లింక్ చేసి పిలిస్తే నూరు దాటించి పంపనూ వచ్చు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, అడ్డుపడింది తమరే.

మరి ఆ నూరుని ఓ వెయ్యి చేసి ఊరుకోవచ్చుగా? కుదరదు. తమరి మాట నమ్మి నూరు బైట్లే చోటు ఉంచుకున్న ప్రోగ్రాములు కోకొల్లలు. పాత అసెంబ్లర్‌లో అక్షరాల్ని కాపీ చేసే ఎంవీసీని, దానికి పొడవు అందించే ఈఎక్స్ అనే ఆదేశంతో నడిపేవాళ్లు, పొడవులోంచి ఒకటి తీసేసి. ఈఎక్స్ చూసేది ఆ పొడవులో చివరి బైటునే, అంటే 256 రాగానే లెక్క మళ్లీ సున్నా నుంచే. 150 అక్షరాలు పంపితే పక్కవాడి చోటు మీద పడతాయి. 300 పంపితే 44 మాత్రమే చేరతాయి, అదీ కిక్కురుమనకుండా.

అందుకే 2013లో ఓఎస్/360 వారసుడు జెడ్/ఓఎస్ 2.1 వచ్చినప్పుడు తమరిని కదపకుండా, పక్కనే పార్మ్‌డీడీ గారిని నియమించారు. ఫైళ్లని చూపే జేసీఎల్ లైనైన డీడీలో రాసింది చదివి 32,760 బైట్ల దాకా మోస్తారు. ప్రోగ్రామ్‌ని నడిపించే ఎగ్జెక్ లైను ఒక్కదాంట్లో మీరిద్దరూ ఇమడరు. సిస్టమ్‌లో ప్రత్యేకాధికారాలున్న ఆథరైజ్డ్ ప్రోగ్రాములకి ఇంకో షరతు: ప్రోగ్రామ్‌ని కూర్చే బైండర్‌లో లాంగ్‌పార్మ్ గుర్తు లేకపోతే, నూరు దాటగానే సిస్టమే ఆపేస్తుంది. ఇది మాత్రం నాకు నచ్చిన చాదస్తం. పొంగిపొర్లితే సిస్టమ్ భద్రతకే ఎసరు పెట్టగలవి అవేగా.

మాకూ అలాంటి ఆథరైజ్డ్ ప్రోగ్రామ్ ఒకటుంది. లాంగ్‌పార్మ్ పెట్టి రీబైండ్ చెయ్యడం నిమిషం పని. కానీ దాని సోర్సు లేదు, రాసినాయన రిటైరయ్యారు, లోపల ఎన్ని బైట్లకి చోటుందో చెప్పే నాథుడు లేడు. కాబట్టి తమరి కొలువుకి వచ్చిన భయమేమీ లేదు. మేనేజర్ గారు మాత్రం వచ్చే నెల నుంచి ఆ జాబ్‌కి ఇంకో రెండు పారామీటర్లు కలపమంటున్నారు. తమరిలో మిగిలింది ఏడక్షరాలు, అందులో రెండు కామాలకే పోతాయి.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఓ బ్యాచ్ ప్రోగ్రామర్