సవరణ: ఫుట్‌పాత్ పక్కన పెద్ద బండి ఆపేటప్పుడు
కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ లాంటి రద్దీ చోట ఇన్నోవా, స్కార్పియో వంటి బండ్లు ఆపడం గురించిన పాత పోస్టులో "ముందు చక్రాన్ని ఫుట్‌పాత్ రాయికి ఆనించి ఆపండి" అని ఉంది. అది వాలు రోడ్డుకే. పల్లానికి దిగే చోట స్టీరింగ్ ఎడమకు తిప్పి, టైరు మెల్లగా ఆనాక హ్యాండ్‌బ్రేక్ వేయాలి. చదును రోడ్డు మీద ఆనించవద్దు, జానెడు దూరం వదలండి.

ఆ పోస్టులో వెనక చక్రం మాటే లేదు. నిజానికి దెబ్బ ఎక్కువగా తగిలేది దానికే. ముందుకు పోతూ ఎడమకు తిరిగితే వెనక చక్రం ముందు చక్రం దారిలో రాదు, ఇంకా లోపలికి జరిగి రాయిని గీసుకుంటుంది. ఇన్నోవా క్రిస్టాలో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2,750 మిల్లీమీటర్లు. ఈ దూరం ఎంత ఎక్కువైతే వెనక చక్రం అంత ఎక్కువగా లోపలికి జరుగుతుంది. కాబట్టి ఖాళీని దాటి వెళ్లి రివర్స్‌లో రండి. ఎడమ సైడ్ మిర్రర్‌ను వెనక చక్రం, రాయి రెండూ కనిపించేదాకా కిందికి వంచండి. వెనక హారన్లు మోగినా టెన్షన్ పడొద్దు.

టైరు పక్క భాగం ఉబ్బితే ప్యాచ్ వేయించి నడపకండి, దయచేసి టైరే మార్చండి. 44వ జాతీయ రహదారి మీద వేగంగా వెళ్లేటప్పుడు అది పగిలిపోవచ్చు.