మహారాజశ్రీ లెమన్ బార్ గారికి

మహారాజశ్రీ లెమన్ బార్ గారి సముఖమునకు,

విజయవాడ నుంచి ఒక ఓటీజీ, అంటే బల్ల మీద పెట్టే చిన్న కరెంటు ఓవెన్, యజమానురాలు రాయునది. తమరంటే బిస్కట్ పొర మీద నిమ్మరసం, గుడ్లు, పంచదార కలిపిన ద్రవం పోసి కాల్చి, ముక్కలుగా కోసే అమెరికా మిఠాయి అని తెలియక అడిగేవాళ్ళకి చెప్పి మరీ రాస్తున్నాను. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే మా వైపు కుశలం లేదు. ట్రేకి అంటుకున్న తమరి అడుగుభాగాన్ని గీకీ గీకీ మా అట్లకాడ వంగిపోయింది. ముందుగా బేకింగ్ కాగితం పరవాలన్న ముక్క నేను ఆ తర్వాత చదివాను.

తమరి పేరు వినగానే మా అత్తయ్య "ఇంట్లో బారేమిటే అమ్మాయ్!" అని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడకి ఎలాగో సర్దిచెప్పాను. నాకు నేను సర్దిచెప్పుకోలేనిది మాత్రం తమరి తయారీలో మొదటి మాట: "నిమ్మకాయలు మూడు."

ఏ ఊరి నిమ్మకాయలండీ? తమరి అమెరికాలో లెమన్ అంటే కోడిగుడ్డు కంటే పెద్దది, తొక్క మందం. మాకు గూడూరు నుంచో తెనాలి నుంచో వచ్చేది గోళీకాయకి పెద్దన్న. నిక్కచ్చిగా చెప్పాలంటే అది లెమన్ కూడా కాదు, లైమ్. తమరడిగిన అరకప్పు రసం, అంటే 120 మిల్లీలీటర్లు, రావడానికి 10 కాయలు పిండాను. 2022 వేసవిలో నిమ్మకాయ కిలో 200 రూపాయలు దాటినప్పుడు తమరు నాకు తగల్లేదు, అది మా ఇంటి అదృష్టం.

ఇక తొక్క తురమడం. పైన రంగు పొర మాత్రమే రావాలట, కింద తెలుపు తగిలితే చేదట. మా కాయకి ఆ రెంటి మధ్య గోడంటూ ఉంటే కదా! నాలుగు గీతలు గీసేసరికి కాయ అయిపోయి నా వేలు మొదలైంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ తురుముని పంచదారలో వేసి వేళ్ళతో నలిపితే తొక్కలో నూనె దిగి లేచిన వాసన ఉందే, నా చెయ్యి దానంతటదే పోపులడబ్బా మీదికి పోయింది. ఆ క్షణంలో పులిహోర కలిపేసి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

అడుగు బిస్కట్ పొరకి ఉప్పులేని వెన్న కావాలన్నారు. అత్తయ్య చిలికిన వెన్న ఉందిగా అని ధీమాగా వేశాను. దాంట్లో ఎంత మజ్జిగ తడి దాక్కుందో, పొర కాలి పలకలా బిగిశాక తెలిసింది. 175 డిగ్రీల్లో 20 నిమిషాలు కాల్చి, వేడి మీదే గుడ్లు, పంచదార, నిమ్మరసం కలిపిన ద్రవం పొయ్యాలి, చల్లారితే రెండూ కాపురం చెయ్యవు అన్నారు. పొయ్యబోతుండగా కరెంటు పోయింది. ముప్పావుగంట తర్వాత వచ్చింది. చల్లారిన దాని మీదే పోశాను. చేసేదేముంది?

నడిమి భాగం కాస్త వణుకుతుండగానే దించెయ్యాలట. వణికేదాన్ని మేం పచ్చిదంటాం. ఇంకో 10 నిమిషాలు ఉంచాను. గుడ్డు బాగా ఉడికిపోయి నీచువాసన ఇల్లంతా తిరిగింది. ఆ రోజు శనివారం. అత్తయ్య ముట్టుకోలేదు, తినలేదు, ఆ వాసనకే రెండోసారి తలంటు పోసుకుంది.

కొయ్యడానికి ముందు రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉండాలన్న తమరి పట్టుదలకి దోసెలపిండి గిన్నె బయటికి రావాల్సి వచ్చింది. సాయంత్రానికి అది పొంగి గట్టు మీదికి నడిచింది. చివరికి తమరి మీద పంచదార పొడి జల్లి, ఫొటో తీద్దామని ఫోన్ వెతికి తెచ్చేలోగా, కృష్ణ ఒడ్డు ఉక్క సంగతి తెలిసిందే, చెమట పట్టిన నుదుటి మీద విభూతిలా కరిగి చారలు కట్టారు.

ఇట్లు,
తమరి తొమ్మిదో ముక్కని ఇంకా ఫ్రిజ్‌లో పోషిస్తున్న
ఓటీజీ యజమానురాలు

తా.క.: పిండేసిన చెక్కలు పారెయ్యబోతే అత్తయ్య లాక్కుని ఉప్పులో వేసి ఎండబెట్టింది. ఆ జాడీ మూత తీసిన రోజు సోలెడు బియ్యం ఎక్కువ పొయ్యాల్సి వచ్చింది.