"బాష్‌ఆర్‌సీలో పెట్టెయ్" అని చెప్పి వదిలేయకండి

"అన్నా, నిన్న సెట్ చేసిన జావా హోమ్ ఇవాళ కనిపించట్లేదు." కొత్తగా కోడింగ్ నేర్చుకునేవాళ్ల నుంచి నాకు తరచూ వచ్చే మెసేజ్ ఇది. జావా హోమ్ అంటే జావా ఏ ఫోల్డర్‌లో ఉందో మిగతా ప్రోగ్రాములకి చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. గ్రూపుల్లో దీనికి దొరికే జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: "బాష్‌ఆర్‌సీలో పెట్టెయ్ తమ్ముడూ, అయిపోద్ది." బాష్ అంటే టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్, అంటే షెల్. బాష్‌ఆర్‌సీ అది మొదలయ్యేటప్పుడు చదువుకునే ఫైలు. తమ్ముడు పెడతాడు, ఆ పూటకి పని గడుస్తుంది. వారం తిరక్కుండా అదే వేరియబుల్ ఇంకో చోట మాయమవుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇలా సగం చెప్పి వదిలేసే పద్ధతి మీద నాకు నిజంగానే కోపం.

అసలు సంగతి చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటే ప్రోగ్రాములు చదువుకునే ఒక పేరూ దాని విలువా. అది కంప్యూటర్ మొత్తానికి చెందింది కాదు. ప్రతి ప్రాసెస్‌కీ, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కీ, వీటి సొంత జాబితా ఉంటుంది. 1979లో వచ్చిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో వెర్షన్ నుంచీ ఇదే ఏర్పాటు. ఒక ప్రాసెస్ ఇంకోదాన్ని పుట్టించేటప్పుడు తన జాబితా కాపీ దాని చేతిలో పెడుతుంది. ఆ తర్వాత ఎవరి కాపీ వాళ్లదే. పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్ మీద పెన్నుతో ఎన్ని ఎకరాలు రాసుకున్నా ఎమ్మార్వో ఆఫీసు రికార్డు మారదు కదా, పిల్ల ప్రాసెస్ తన కాపీని ఎంత దిద్దుకున్నా తల్లి ప్రాసెస్‌కి తెలియదు.

ఇది అర్థమైతే మిగతా చిక్కుముళ్లు వాటంతటవే విడిపోతాయి. వేరియబుల్ సెట్ చేయడానికి ఎక్స్‌పోర్ట్ కమాండ్ కొట్టినప్పుడు మారింది ఆ ఒక్క షెల్. దాని నుంచి ఆ తర్వాత పుట్టినవాటికి అందుతుంది, పక్క ట్యాబ్‌కి అందదు. విండో మూసేస్తే ఆ ప్రాసెస్‌తో పాటే వేరియబుల్ కూడా పోతుంది. ఎక్స్‌పోర్ట్‌లున్న స్క్రిప్టును మామూలుగా రన్ చేస్తే ఏమీ జరగనట్టుండి, సోర్స్ చేస్తే, అంటే ఉన్న షెల్‌లోనే నడిపిస్తే, మాత్రం పనిచేయడానికీ కారణం ఇదే. బాష్‌లో "పర్మనెంట్‌గా సెట్ చేయడం" అంటే, షెల్ పుట్టిన ప్రతిసారీ ఒక ఫైలు చదువుకుని ఆ విలువలన్నీ మళ్లీ కొత్తగా సెట్ చేసుకోవడమే. కాబట్టి తెలుసుకోవాల్సిందల్లా ఈ ప్రాసెస్‌ని పుట్టించింది ఎవరు, దారిలో ఏ ఫైలు చదివారు అన్నదే.

ఇక ఆ ఫైళ్ల సంగతి. బాష్ లాగిన్ షెల్‌గా (యూజర్ లాగిన్ అయినప్పుడు వచ్చే షెల్‌గా) మొదలైతే ముందు ఈటీసీ ఫోల్డర్‌లోని ప్రొఫైల్ ఫైలు చదువుతుంది, ఆ తర్వాత మీ హోమ్‌లో బాష్ ప్రొఫైల్, బాష్ లాగిన్, ప్రొఫైల్ ఈ వరసలో వెతికి మొదట దొరికినదాన్ని మాత్రమే చదువుతుంది. లినక్స్ డెస్క్‌టాప్ మీద మామూలుగా టెర్మినల్ తెరిస్తే చదివేది బాష్‌ఆర్‌సీ. ఉబుంటులో వచ్చే బాష్‌ఆర్‌సీని ఒకసారి తెరిచి పై వరసలు చూడండి. కామెంట్లు దాటగానే చిన్న కేస్ స్టేట్‌మెంట్ ఉంటుంది. ఈ షెల్ ఇంటరాక్టివ్ కాకపోతే, అంటే ఎదుట మనిషి కూర్చుని కమాండ్లు కొట్టేది కాకపోతే, ఇక్కణ్ణుంచే రిటర్న్ అయిపో అని దాని అర్థం. మనవాళ్లు ఎక్స్‌పోర్ట్ లైను తీసుకెళ్లి ఫైలు చివర తగిలిస్తారు. ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్ మీద ఒక్క కమాండ్ దూరం నుంచి రన్ చేసినప్పుడు బాష్ ఆ లైను దాకా రానే రాదు. లాగిన్ అయి చూస్తే వేరియబుల్ ఉంటుంది, కోడ్‌ని సర్వర్ మీదికి ఎక్కించే డిప్లాయ్ స్క్రిప్టుకి మాత్రం ఉండదు. కారణం ఎవరూ చెప్పకపోతే ఆ కుర్రాడు రాత్రంతా తల బాదుకోవడం తప్ప ఏం చేస్తాడు?

చెప్పిన వేళకి పనులు నడిపే క్రాన్ అయితే ఈ ఫైళ్ల జోలికే పోదు. చాలా సిస్టమ్‌లలో దానికి పాత్‌గా, అంటే కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాగా, దక్కేది యూఎస్‌ఆర్ బిన్, బిన్ మాత్రమే. లినక్స్‌లో వెనక నడిచే సర్వీసులను చూసుకునే సిస్టమ్‌డీ కింద, ఒక సర్వీసుకి కావాల్సింది దాని సెట్టింగులుండే యూనిట్ ఫైల్లోనే రాయాలి. మ్యాక్‌లో 2019 నాటి కాటలీనా వెర్షన్ నుంచి డిఫాల్ట్ షెల్ జీషెల్, అది బాష్ ప్రొఫైల్‌ని చదవదు. అయినా "బాష్ ప్రొఫైల్ తెరవండి" అనే పాత ట్యుటోరియల్స్‌నే జనం ఇంకా షేర్ చేస్తున్నారు. లినక్స్‌లో ఈటీసీ ఎన్విరాన్‌మెంట్ ఫైలు చూడ్డానికి స్క్రిప్టులా ఉంటుంది గానీ స్క్రిప్టు కాదు. అందులో డాలర్ పాత్ అని రాస్తే పాత విలువ వచ్చి చేరదు, ఆ అక్షరాలే ఉన్నవున్నట్టు కూర్చుంటాయి. మళ్లీ లాగిన్ అయ్యాక ఎల్‌ఎస్ లాంటి మామూలు కమాండ్ కూడా దొరక్కపోవచ్చు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది విండోస్ ట్యుటోరియల్స్‌లో కనిపించే సెట్‌ఎక్స్ సలహా. సెట్‌ఎక్స్ అంటే వేరియబుల్‌ని పర్మనెంట్‌గా సేవ్ చేసే కమాండ్. మన కాలేజీ ల్యాబుల్లో, అమీర్‌పేట కోర్సుల్లో చేరేవాళ్ల ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా ఉండేది విండోసే కాబట్టి దెబ్బ తగిలేది మనవాళ్లకే. పాత పాత్ విలువకి కొత్త ఫోల్డర్ తగిలించి సెట్‌ఎక్స్‌తో సేవ్ చేయమంటారు. ఆ కమాండ్ 1024 అక్షరాల దగ్గర కత్తిరించేస్తుంది. కత్తిరించానని ఒక వార్నింగ్ చూపిస్తుంది, చూపిస్తూనే సేవ్ కూడా చేసేస్తుంది. పైగా ఆ పాత విలువలో సిస్టమ్ పాత్, యూజర్ పాత్ రెండూ కలిసిపోయి ఉంటాయి. స్లాష్ ఎం అనే ఆప్షన్ కూడా పెట్టారంటే ఆ తెగిన ముక్కే మెషిన్ మొత్తానికి సిస్టమ్ పాత్ అవుతుంది. జావా వస్తుంది, తోకలో ఉన్న గిట్, పైథాన్, నోడ్ పోతాయి. దానికి వాళ్లు సిస్టమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ బటన్ నొక్కి, పాత్‌కి ఒక కొత్త వరస చేర్చుకుంటే సరిపోయేది. ఎలా చేర్చినా అప్పటికే తెరిచున్న కమాండ్ విండోకి అది తెలియదు, కొత్తది తెరవాల్సిందే.

ఇంకో మాట. ఏపీఐ కీలు (ఆన్‌లైన్ సర్వీసులు వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్‌లు), డేటాబేస్ పాస్‌వర్డులు ఎక్స్‌పోర్ట్ చేసి బాష్‌ఆర్‌సీలో దాచుకోవడం మానండి. ఆ టెర్మినల్ నుంచి మీరు నడిపే ప్రతి ప్రోగ్రామ్‌కీ, ఎన్‌పీఎంతో జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మధ్యలో రన్ అయ్యే ఎవరిదో తెలియని స్క్రిప్టుతో సహా, ఆ కీ కాపీ అందుతుంది. ఒక ప్రాజెక్టుకి కావాల్సింది ఆ ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే డాట్ ఎన్వ్ ఫైల్లో పెట్టి, దాన్ని గిట్ఇగ్నోర్‌లో, అంటే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో, చేర్చండి. ఫోల్డర్‌లోకి వెళ్లగానే లోడ్ అయి, బయటికి రాగానే తీసేసేలా చేయడానికి డైర్‌ఎన్వ్ అనే టూల్ ఉంది.

తెలుగులో పాఠాలు చెప్పే అన్నలకీ అక్కలకీ నా విన్నపం. జావా ఇన్‌స్టలేషన్ క్లాసులో ఆ తల్లీపిల్ల ప్రాసెస్‌ల సంగతి ముందు చెప్పండి. రెండు టెర్మినల్స్ పక్కపక్కన తెరిచి, ఒకదాంట్లో ఎక్స్‌పోర్ట్ చేసి, రెండోదాంట్లో ఎకో కమాండ్‌తో ఆ వేరియబుల్ విలువ అడిగి ఖాళీగా వస్తోందని చూపించండి. సెట్‌ఎక్స్‌తో పాత్ మార్చే పాత వీడియో మీ ఛానల్లో ఉంటే ఇవాళే తీసేయండి, తీయలేకపోతే 1024 అక్షరాల హెచ్చరిక పిన్ చేయండి.