“వద్దంటే ఆఫ్ చేసుకోవచ్చు కదా” అనేవాళ్లకి

ఈమధ్య ఒక పోస్టు అందరి ఫోన్లలోనూ చక్కర్లు కొడుతోంది. మొదట రాసింది ఎవరో తెలియదు కానీ ప్రతి గ్రూపులోనూ ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తూనే ఉన్నారు. అందులో ఉన్నది ఇంతే: “ఏఐ ఫీచర్లు వద్దనుకుంటే ఆఫ్ చేసుకోండి, ఎవరూ మీ మెడ మీద కత్తి పెట్టలేదు. ఉచితంగా ఇస్తుంటే ఏడుపెందుకు? కోట్ల మంది వాడుతున్నారంటే నచ్చినట్టే. కాలిక్యులేటర్ వచ్చినప్పుడూ ఇలాగే గోల చేశారు. అయినా కంపెనీలు జనం కోరిందే ఇస్తాయి.”

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఏఐకి వ్యతిరేకిని కాను. తెలియని భాషలో ఏదైనా ఉత్తరం వచ్చినా, పెద్ద ఎక్సెల్ షీట్‌లో ఫార్ములా ఎక్కడ తప్పిందో దొరక్కపోయినా, నేనే వెళ్లి దాన్ని తెరుస్తాను. నేనే వెళ్లి. నా గొడవంతా ఆ రెండు మాటల దగ్గరే ఉంది.

ఆఫ్ చేసుకోమంటున్నారు. మంచిది, స్విచ్ ఎక్కడుంది?

వాట్సాప్‌లో మెటా ఏఐ గుండ్రటి గుర్తు వచ్చినప్పుడు దాన్ని తీసేసే దారి లేదని జనం విసుక్కున్నారు. 2025 ఏప్రిల్‌లో బీబీసీ ఆ సంగతి అడిగితే, ఆ ఫీచర్ వాడాలా వద్దా అన్నది పూర్తిగా వాడేవాళ్ల ఇష్టమని కంపెనీ జవాబిచ్చింది. వాడకపోవడం మన ఇష్టమే, కళ్లకు కనబడకుండా చేసుకోవడం మాత్రం మన ఇష్టం కాదన్నమాట. అదే ఏడాది జూలైలో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ సరిగ్గా దీని మీదే విచారణ మొదలుపెట్టింది. ఎవరూ అడగకుండానే తన ఏఐని వాట్సాప్‌లో ముందే పెట్టేయడం ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడం అవుతుందా, కాదా అన్నది వాళ్ల ప్రశ్న.

గూగుల్ సంగతి చూడండి. 2024 మేలో అమెరికాలో సెర్చ్ ఫలితాల నెత్తిన ఏఐ ఓవర్‌వ్యూలు, అంటే ఏఐ రాసిన సారాంశాలు పెట్టింది. పిజ్జా మీద చీజ్ జారిపోకుండా సాస్‌లో జిగురు కలపమని సలహా ఇచ్చింది అప్పుడే. దీన్ని పూర్తిగా ఆపేసే స్విచ్ లేదని గూగుల్ సహాయ పేజీయే చెబుతుంది. వద్దనుకున్నవాళ్లు వెతికిన ప్రతిసారీ, ఫలితాలు వచ్చాక ‘వెబ్’ అన్న ఫిల్టర్ వెతుక్కుని నొక్కాలి. రోజుకి ఇరవై సార్లు వెతికేవాడు రోజుకి ఇరవై సార్లు ‘వద్దు బాబోయ్’ అని చెప్పుకోవాలి.

స్నాప్‌చాట్ ఇంకో మెట్టు పైకెక్కింది. 2023 ఏప్రిల్‌లో ‘మై ఏఐ’ అనే బాట్‌ను అందరి చాట్ జాబితాలోనూ పైన అతికించింది. దాన్ని అక్కడి నుంచి తీసేసే వీలు మొదట్లో నెలనెలా డబ్బు కట్టే స్నాప్‌చాట్ ప్లస్ సభ్యులకే ఇచ్చింది. పిలవని చుట్టాన్ని మన వాకిట్లో దింపి, సాగనంపాలంటే రుసుము కట్టమన్నట్టు!

స్విచ్ ఉన్నచోట మాత్రం సుఖంగా ఉందా అంటే అదీ లేదు. మా అమ్మ ఫోన్‌లో పీడీఎఫ్‌లు చదివే యాప్ ఒకటుంది, పేరు వద్దులెండి. రెండు పేజీల రక్తపరీక్ష రిపోర్టు తెరిస్తే చాలు, కింద సగం స్క్రీన్‌ను కప్పేస్తూ ‘సారాంశం చెప్పనా?’ అని ఒక పెట్టె లేచేది. ఆమెకు కావాల్సిన అంకె ఆ పెట్టె కిందే ఉండేది. “ఎవరో నన్ను చదవనివ్వట్లేదు, ఏం నొక్కాలిరా?” అని ఫోన్ చేసింది. వెళ్లి, సెట్టింగుల్లో మూడు గదులు దాటి, దాన్ని ఆఫ్ చేసి వచ్చాను. నెల తిరక్కుండా అప్‌డేట్ వచ్చింది, పేరు మార్చుకుని పెట్టె మళ్లీ లేచింది. ‘ఆఫ్ చేసుకోవచ్చు కదా’ అనేవాళ్లు ఎవరిని ఊహించుకుని ఆ మాట అంటున్నారో నాకు తెలుసు. వాళ్లలాంటి వాళ్లనే. సెట్టింగుల చక్రం గుర్తు చూడగానే టెన్షన్ పడేవాళ్లు వాళ్ల లెక్కలో లేరు.

ముందే ఆన్ చేసి పెట్టడానికి ఎంత బలముందో కంపెనీలకు మనకంటే బాగా తెలుసు. ఆపిల్ సఫారీ బ్రౌజర్‌లో ముందే పెట్టిన సెర్చ్ ఇంజిన్‌గా ఉండటానికి గూగుల్ 2022లో ఆపిల్‌కి చెల్లించిన మొత్తం 2,000 కోట్ల డాలర్లు. అమెరికాలో గూగుల్ మీద నడిచిన గుత్తాధిపత్య కేసు పత్రాల్లో ఈ లెక్క బయటపడింది. సఫారీలో సెర్చ్ ఇంజిన్ మార్చుకోవడం నాలుగైదు నొక్కుల పని. ఆ నాలుగైదు నొక్కులు జనం నొక్కరన్న ధీమాకే అంత సొమ్ము. అలాంటి కంపెనీల తరఫున ‘నచ్చకపోతే మార్చుకోండి’ అని మనకు మనమే చెప్పుకుంటున్నాం.

అడిగి ఇవ్వడం వాళ్లకు చేతకాదా అంటే, చేతనవును. మైక్రోసాఫ్ట్ 2024 మేలో ‘రీకాల్’ ప్రకటించింది. మనం కంప్యూటర్ మీద ఏం చేస్తున్నా కొన్ని సెకన్లకోసారి స్క్రీన్‌ను ఫొటో తీసి దాచుకోవడం దాని పని, తర్వాత వెతుక్కోవడానికి పనికొస్తుందట. దాచిన వివరాలు తాళం లేని పెట్టెలో ఉన్నట్టు సాదా అక్షరాల్లో చదవగలిగేలా ఉన్నాయని భద్రతా నిపుణులు చూపించారు. పెద్ద దుమారం రేగింది. జూన్ మొదటి వారంలోనే కంపెనీ దిగొచ్చి, వాడేవాళ్లు తామై ఆన్ చేస్తేనే పని చేస్తుందని ప్రకటించింది. ఆ తర్వాత విడుదలనే వాయిదా వేసింది. చివరికి అది మామూలు జనానికి చేరింది 2025 ఏప్రిల్‌లో. అంటే ‘ముందు అడగడం’ సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు, తిట్లు తిన్నాక కొన్ని రోజుల్లో తీసుకోగలిగిన నిర్ణయం అది. అంత జరిగినా సిగ్నల్ అనే చాట్ యాప్ వాళ్లకు నమ్మకం కుదరలేదు. సినిమాలు కాపీ కొట్టకుండా ఆపడానికి వాడే ఏర్పాటును తెచ్చి, విండోస్‌లో తమ చాట్లు రీకాల్ ఫొటోల్లో పడకుండా అడ్డం పెట్టుకున్నారు.

ఇంకో సంగతి. 2025లో మైక్రోసాఫ్ట్ 365 (వర్డ్, ఎక్సెల్ లాంటివి చందాకు ఇచ్చే ప్యాకేజీ) ఉన్న విండోస్ కంప్యూటర్లలో తన ఏఐ సహాయకుడు కోపైలట్ యాప్‌ను తనంతట తానే ఇన్‌స్టాల్ చేస్తానని కంపెనీ చెప్పింది, యూరోపియన్ ఎకనామిక్ ఏరియా దేశాలను మాత్రం వదిలేసింది. అదే సాఫ్ట్‌వేర్, అదే కంపెనీ. అక్కడివాళ్లకు చేయి కట్టుకుని నిలబడింది, మిగతావాళ్ల ఇంటికి అడక్కుండానే వచ్చింది.

‘ఉచితం’ అన్న మాటకు వద్దాం. ఈ పోస్టులో నాకు నవ్వొచ్చిన మాట ఇదే.

ఆస్ట్రేలియాలో మైక్రోసాఫ్ట్ 365 పర్సనల్ ప్లాన్ ఏడాదికి 109 ఆస్ట్రేలియా డాలర్లు ఉండేది. కోపైలట్‌ను అందులో కలిపి 159 చేశారు. ఫ్యామిలీ ప్లాన్ 139 నుంచి 179కి వెళ్లింది. పాత చందాదారులకు వచ్చిన ఈమెయిల్ ప్రకారం దారులు రెండే, కొత్త ధర కట్టడం లేదా చందా రద్దు చేసుకోవడం. నిజానికి మూడో దారి ఉండేది. కోపైలట్ లేకుండా పాత ధరకే దొరికే ‘క్లాసిక్’ ప్లాన్ అది. దాని ఊసు ఆ ఈమెయిల్‌లో లేదు. రద్దు చేసుకోవడం మొదలుపెట్టి, కొన్ని తెరలు దాటినవాళ్లకే అది కనబడేది. ఇలా 27 లక్షల మందిని తప్పుదోవ పట్టించారని ఆరోపిస్తూ ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ 2025 అక్టోబరులో కోర్టుకెక్కింది. మరుసటి నెలలోనే కంపెనీ క్షమాపణ చెప్పి, క్లాసిక్‌కి మారేవాళ్లకు పెరిగిన డబ్బు వెనక్కిస్తామంది. ఉచితంగా ఇచ్చినదానికి డబ్బు వాపసు ఇస్తామనడం నేనైతే ఎక్కడా వినలేదు.

గూగుల్ కూడా 2025 జనవరిలో కంపెనీలకు అమ్మే వర్క్‌స్పేస్ (జీమెయిల్, డాక్స్ వగైరా) బిజినెస్ ప్లాన్లలో తన ఏఐ జెమినీని కలిపేసి ధర పెంచింది. అంతకుముందు అది వేరుగా కొనుక్కునే సరుకు. కావాల్సినవాళ్లు కొనుక్కునేవాళ్లు. విడిగా అమ్మినప్పుడు అందరూ ఎగబడి కొని ఉంటే, అందరి బిల్లులోనూ కలపాల్సిన అవసరం వచ్చేదా అని నా అనుమానం.

డబ్బు అడగనిచోట ఏఐ జాగా అడుగుతుంది. ఆపిల్ తెచ్చిన ఏఐ, ఆపిల్ ఇంటెలిజెన్స్, మొదట్లో ఫోన్‌లో 4 జీబీ ఖాళీ కావాలంది, కొద్ది నెలల్లోనే 7 జీబీ అంది. జాగా అడగనిచోట మన రాతలే అడుగుతుంది, అదీ చాలాసార్లు అడక్కుండానే. 2024 సెప్టెంబరులో లింక్డిన్ మన పోస్టులతో ఏఐకి శిక్షణ ఇచ్చుకునే సెట్టింగును ముందే ఆన్ చేసి పెట్టిన విషయం జనం కనిపెడితే తెలిసింది.

ఇక, కోట్ల మంది వాడుతున్నారట. వాడుతున్నారా, వాళ్ల ముందు పెట్టారా? ఏఐ ఓవర్‌వ్యూలకు నెలకు 200 కోట్ల మందికి పైగా యూజర్లు ఉన్నారని 2025 జూలైలో గూగుల్ చెప్పుకుంది. బస్సు చార్జీలు వెతికినవాడూ, స్పెల్లింగ్ చూసుకున్నవాడూ ఆ లెక్కలో ఉంటారు. ఫలితాల పైన పెట్టె వచ్చింది కాబట్టి వాళ్లు ‘యూజర్లు’ అయిపోయారు. రోడ్డు మీద హోర్డింగు కింద నడిచినవాళ్లందరినీ ఆ సరుకు కొన్నవాళ్ల కింద రాసుకున్నట్టుంది. కొత్త కీబోర్డుల మీద కోపైలట్ మీట కూడా ఇలాంటిదే. పొరపాటున వేలు తగిలినా అంకె పెరుగుతుందేమో.

ఈ పోస్టు పంచుకునేవాళ్లు చూడని కోణం ఒకటుంది. అమెరికాలో 900 మంది 2025 మార్చి నెల బ్రౌజింగ్‌ను ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అధ్యయన సంస్థ పరిశీలించింది. సెర్చ్‌లో ఏఐ సారాంశం వచ్చినప్పుడు కింద మామూలు లింకు మీద నొక్కింది 8 శాతం సార్లు, సారాంశం లేనప్పుడు 15 శాతం. ఆ వెబ్‌సైట్లు రాసిందే తీసుకుని సారాంశం తయారవుతుంది. రాసినవాళ్ల గుమ్మంలోకి వెళ్లేవాళ్లు మాత్రం దాదాపు సగం తగ్గిపోతారు. మనం ఆఫ్ చేసుకున్నంత మాత్రాన వాళ్ల నష్టం తీరదు.

కాలిక్యులేటర్ పోలిక మీద ఎక్కువ మాట్లాడను. కాలిక్యులేటర్ సొరుగులోంచి లేచొచ్చి ‘ఈ లెక్క నేను చేయనా?’ అని ఎప్పుడూ అడగలేదు. ఏడెనిమిదులు యాభైఆరు అనేది, ప్రతిసారీ అదే అనేది. 2024 డిసెంబరులో ఆపిల్ ఫోన్లు ఏఐతో బీబీసీ వార్తల నోటిఫికేషన్లను కుదించబోయి, అమెరికాలో హత్యకేసు నిందితుడొకరు తనను తాను కాల్చుకున్నాడని చూపించాయి. బీబీసీ ఆ మాట రాయలేదు, అలాంటిది జరగనూ లేదు. బీబీసీ ఫిర్యాదు చేశాక, తర్వాతి నెలలో ఆపిల్ వార్తా యాప్‌ల సారాంశాలను ఆపేసింది. పాతకాలం పోలికే కావాలంటే క్లిప్పీ ఉంది. ఆఫీస్ 97లో తెర మీదికొచ్చి ‘ఉత్తరం రాస్తున్నట్టున్నారు, సాయం చేయనా?’ అని అడిగే ఆ పేపర్ క్లిప్ బొమ్మను జనం ఎంత తిట్టారంటే, 2001లో వచ్చిన ఆఫీస్ ఎక్స్‌పీలో దాన్ని ముందే ఆఫ్ చేసి ఇచ్చారు. ఆఫీస్ 2007కి అది పూర్తిగా పోయింది. అప్పుడు గోల చేసినవాళ్లదే పైచేయి అయింది.

జనం కోరిందే ఇస్తాయన్న చివరి మాటకు నా దగ్గర ఉన్న జవాబు ఒక బగ్. 2025 మార్చిలో వచ్చిన విండోస్ అప్‌డేట్ పొరపాటున కొన్ని కంప్యూటర్లలో కోపైలట్ యాప్‌ను తీసేసింది. మామూలుగా అప్‌డేట్‌లో ఏదైనా పోతే జనం లబోదిబోమంటారు. ఈసారి చాలామంది ఇలాంటి బగ్ ఇన్నాళ్లకు వచ్చిందని సంబరపడ్డారు. మైక్రోసాఫ్ట్ దాన్ని సమస్యగా నమోదు చేసుకుని, సరిచేసి, యాప్‌ను తిరిగి పెట్టేసింది.